చాయ్‌పత్తితో ముఖం: వంటింటి సరుకులతో ఫొటో చిత్రం ఎలా చేయాలి

నల్ల కాగితం మీద పంచదారతో ముఖం గీసి, పైనుంచి ఫొటో తీసి, పంచదారను సీసాలోకి ఎత్తేస్తే చివరికి మిగిలేది ఫొటో ఒక్కటే. బ్రెజిల్ కళాకారుడు విక్ మునీజ్ 1996లో చేసిన ‘షుగర్ చిల్డ్రన్’ వరస అలాంటిదే. కరీబియన్ దీవి సెయింట్ కిట్స్‌లో చెరకు తోటల కూలీల పిల్లలను ఆయన ఫొటోలు తీసుకున్నారు. వాటిని చూస్తూ పంచదార చల్లి ముఖాలు తెచ్చారు. వాటిని మళ్లీ ఫొటో తీశారు. తర్వాతి సంవత్సరాల్లో చాక్లెట్ సిరప్, దుమ్ము వాడారు. 2008 నాటికి రియో డి జనేరో దగ్గరి జార్డిం గ్రమాచో డంపింగ్ యార్డు చెత్త కూడా ఆయనకు సరుకైంది.

ఈ పద్ధతిలో పట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. నేల మీద మీరు పేర్చేది కెమెరా ఒక్కదాని కోసమే. పక్కన నిలబడి చూసినప్పుడు మీ కంటికి గజిబిజిగా ఉన్నది లెన్స్‌లో అచ్చం ముఖంలా రావచ్చు, మీకు బ్రహ్మాండంగా కనిపించినది అక్కడ తేలిపోవచ్చు. అందుకే ముందు కెమెరా బిగించాలి, సరుకు ఆ తర్వాతే ముట్టుకోవాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. రోజంతా వంగి పప్పులు పేర్చి, ఆఖర్న స్టూలెక్కి ఫోన్ వంచి ఫొటో కొడతారు. నుదురు చిన్నదై గడ్డం పెద్దదవుతుంది, పనంతా వృథా.

ఉదాహరణకు ఒక ఇరానీ హోటల్ చాయ్ మాస్టర్ ముఖం తీసుకుందాం. సరుకు ఆయన కౌంటర్ మీద ఉన్నదే: చాయ్‌పత్తి (టీ పొడి, ఇకపై పత్తి అన్నా ఇదే), ఉస్మానియా బిస్కెట్. మనిషికీ సరుకుకీ ఇలాంటి చుట్టరికం ఉంటేనే ఈ పనికి అర్థం ఉంటుంది. కందిపప్పుతో సినిమా హీరో ముఖం చేస్తే మీ ఓపిక కనిపిస్తుంది, అంతకు మించి ఏమీ కనిపించదు. ఎవరి ముఖమైనా సరే, ఫొటో తీసేముందే దేనికి వాడబోతున్నారో చెప్పి ఒప్పించుకోండి.

మూల ఫొటో

ఒక పక్కనుంచి వెలుగు పడుతున్న ముఖం కావాలి. హోటల్లో అయితే ఉదయం పూట తలుపు దగ్గర నిలబెట్టి తీయండి. ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప మీద నీడ, ముక్కు పక్కన స్పష్టమైన నీడ గీత ఉండాలి. ఫ్లాష్ కొట్టి తీసిన పాస్‌పోర్టు ఫొటో దీనికి పనికిరాదు. అందులో నీడలుండవు, నీడలు లేకపోతే పత్తి చల్లడానికి చోటే ఉండదు. మీసం, గడ్డం, కళ్లద్దాలు, తలపాగా ఉన్నవారితో పని తేలిక. నున్నటి చిన్నపిల్లల ముఖం అన్నిటికంటే కష్టం.

ఈ ఫొటోను ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి నలుపు తెలుపు చేయండి. కాస్త గాసియన్ బ్లర్ (ఫొటోను మసకబరిచే ఫిల్టర్) ఇచ్చి, కలర్స్ మెనూలో పోస్టరైజ్ నొక్కి 5 స్థాయిలు పెట్టండి. బ్లర్ లేకుండా నేరుగా పోస్టరైజ్ చేస్తే చర్మం మీద ప్రతి గరుకూ ఒక చుక్కగా విడిపోతుంది, అవన్నీ చేత్తో చల్లలేరు. ఇప్పుడు ముఖం అయిదు ఛాయల పటంలా కనిపిస్తుంది. ప్లాన్ ప్రింట్లు తీసే జిరాక్స్ షాపులో దీన్ని ఏ2 సైజులో, అంటే 42 బై 59.4 సెంటీమీటర్లలో, మామూలు కాగితం మీద రెండు కాపీలు తీయించుకోండి. ఒకటి కొలతకు, ఒకటి కత్తిరించడానికి.

ఏ2నే ఎందుకంటే గింజకూ ముఖానికీ ఒక లెక్కుంది. ముఖం వెడల్పు 28 సెంటీమీటర్లు అనుకోండి. కన్ను అందులో సుమారు అయిదో వంతు, అంటే అయిదున్నర సెంటీమీటర్లు. నల్లగుడ్డు రెండు సెంటీమీటర్లు. అందులో మెరిసే తెల్ల చుక్క మూడు నాలుగు మిల్లీమీటర్లు. కందిపప్పు బద్ద ఒక్కటే అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి కంటి మెరుపే ఒక బద్ద కంటే చిన్నదన్నమాట, ఆ చూపు రాదు. ఆవగింజ రెండు మిల్లీమీటర్లలోపు, కాబట్టి అతి కష్టం మీద వస్తుంది. గసగసాలు, పంచదార, డస్ట్ చాయ్‌పత్తి అయితే ఇబ్బంది లేదు. అతి చిన్న వివరంలో కనీసం అయిదారు గింజలు పట్టాలన్నది మంచి కొలమానం. పప్పులతోనే చేయాలని ఉంటే ముఖాన్ని మీటరు దాటించండి.

కెమెరా బిగించడం

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 ఎంఎం లెన్స్ పెట్టి, బోర్డుకు సుమారు 1.5 మీటర్ల ఎత్తున కిందికి చూసేలా బిగిస్తే ఫ్రేములోకి 68 బై 45 సెంటీమీటర్ల మేర వస్తుంది. ఏ2 బొమ్మ అందులో సరిగ్గా ఇముడుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే అదే ఎత్తులో 104 బై 70 వస్తుంది, కాబట్టి 75 ఎంఎం లెన్స్ వాడండి, 85 అయితే కెమెరాను కాస్త పైకి జరపండి. ఫోనే గతి అయితే మామూలు 1ఎక్స్ వద్దు, అది వైడ్ లెన్స్. ఎత్తుగా పోసిన సరుకు అంచుల్లో బయటికి వాలినట్టు వస్తుంది. 2ఎక్స్ పెట్టి ఫోన్‌ను పైకి జరపండి.

మామూలు ట్రైపాడ్‌ను బోర్డు మీద నిలబెడితే దాని కాళ్లే ఫొటోలోకి వస్తాయి. సెంటర్ కాలమ్ అడ్డంగా తిరిగే ట్రైపాడ్ కావాలి. లేదంటే రెండు మడత నిచ్చెనల మధ్య జీఐ పైపు కట్టి దానికి క్లాంపుతో కెమెరా తగిలించండి, ఖర్చు తక్కువ, పట్టు ఎక్కువ. అడ్డకాలమ్ వాడితే రెండోవైపు మూడు కిలోల బియ్యం సంచి వేలాడదీయండి. కెమెరా స్ట్రాప్ తీసేయండి, ఫ్యాన్ గాలికి అది ఊగినా కెమెరా కదులుతుంది.

కెమెరా బోర్డుకు సమాంతరంగా ఉందో లేదో తేల్చడానికి అద్దం వాడండి. చదునైన చిన్న అద్దాన్ని బోర్డు నడిమధ్యలో పడుకోబెట్టి లైవ్ వ్యూలో, అంటే లెన్స్ చూస్తున్నది నేరుగా కనిపించే కెమెరా తెర మీద, చూడండి. లెన్స్ ప్రతిబింబం ఫ్రేము నడుమ సరిగ్గా కనిపిస్తే కెమెరా నిటారుగా ఉన్నట్టు. పక్కకు ఉంటే కెమెరా వంగింది. ఫోన్లోని లెవెల్ యాప్ కంటే ఇది కచ్చితం, ఎందుకంటే ఇల్లు కట్టిన మేస్త్రి నేలను చదునుగా వేశాడో లేదో దీనికి సంబంధం లేదు, బోర్డుకూ లెన్స్‌కూ మధ్య లెక్కే తీసుకుంటుంది.

బోర్డుగా 5 ఎంఎం తెల్ల సన్‌బోర్డు (ప్లాస్టిక్ ఫోమ్ షీటు), రెండు బై మూడు అడుగులది, మెరుపు లేనిది తీసుకోండి. నాలుగు మూలలా మాస్కింగ్ టేపుతో నేలకు అతికించండి. ఫ్రేములో పడేలా, బొమ్మకు బయట, రెండు మూలల్లో పెన్సిల్‌తో చిన్న ప్లస్ గుర్తులు వేయండి. ఎవరి కాలైనా తగిలి కెమెరా కదిలితే మళ్లీ పాత చోటికి తెచ్చేది ఈ గుర్తులే.

ఇక సెట్టింగులు. పూర్తి మాన్యువల్, ఎఫ్ 8 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్‌వో 100, రా ఫైలు (కెమెరా కుదించని అసలు ఫైలు). షట్టర్ పావు సెకను వచ్చినా అర సెకను వచ్చినా నష్టం లేదు, రెండు సెకన్ల టైమర్ పెట్టండి చాలు. ఖాళీ తెల్లబోర్డు మీద ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. ఒక న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, జూమ్ చేసి అక్షరాలకు ఫోకస్ చేసి, రింగుకు టేపు వేసేయండి. తెల్లబోర్డును చూసి కెమెరా మీటర్ మోసపోతుంది, దాని మాట వింటే తెలుపు బూడిద రంగులోకి దిగుతుంది. అది చెప్పిన దానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే రెట్టింపు వెలుగు) ఎక్కువ ఇచ్చి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫ్) కుడి గోడకు తగలకుండా దాని దగ్గరికి చేరేలా చూడండి.

బ్యాటరీ గురించి ముందే ఆలోచించాలి. చాలా కెమెరాల్లో బ్యాటరీ మూత అడుగున ఉంటుంది, మార్చాలంటే ట్రైపాడ్ నుంచి విప్పాలి, విప్పితే ఇంతవరకూ చేసింది పోతుంది. కరెంటుకు తగిలించే డమ్మీ బ్యాటరీ కొనుక్కోవడం మేలు. కోఠి గుజరాతీ గల్లీలో కేబుళ్లతో పాటు ఇవి కూడా అడగొచ్చు.

తెర మీద గీతలు

కెమెరాను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి గానీ, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కు గానీ కలిపి, లైవ్ వ్యూ పెద్దగా కనిపించేలా పెట్టండి. ఏ2 ప్రింటును బోర్డు మీద పరిచి, తెర మీద అది ఎలా పడుతోందో చూడండి. ఇప్పుడు తెరకు ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) అతికించి, కళ్లు, ముక్కు, మీసం, నీడల సరిహద్దులను మార్కరుతో షీటు మీద గీయండి. ప్రింటు తీసేయండి. బోర్డు ఖాళీగా ఉంటుంది, గీతలు మాత్రం తెర మీద ఉంటాయి. ఇక చేయి బోర్డు మీద, చూపు తెర మీద. బోర్డు మీద పెన్సిల్ గీతలు గీస్తే పలచగా చల్లిన చోట అవి ఫొటోలో బయటపడతాయి. ఈ పద్ధతిలో ఆ బెడద లేదు. తెరకు ఎదురుగా కూర్చునే చూడాలి, పక్కనుంచి చూస్తే గీత అరసెంటీమీటరు తప్పుతుంది. షీటు అతికించాక తెర మీది విండో సైజు మార్చడం, జూమ్ చేయడం వద్దు.

వెలుగు

గది చీకటి చేసుకోండి. కిటికీ వెలుగు, ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ కలిస్తే ముఖం ఒకవైపు పసుపుగా, రెండోవైపు నీలంగా వస్తుంది, ఎడిటింగ్‌లో రెండూ ఒకేసారి సరిచేయలేరు. పైగా హైదరాబాద్ మధ్యాహ్నపు ఎండ మబ్బు పట్టగానే మారుతుంది, మీ పని మాత్రం ఆరేడు గంటలు సాగుతుంది. సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఒకే ఒక ఎల్‌ఈడీ లైటు చాలు.

లైటు బోర్డు నడుమ నుంచి 1.5 మీటర్ల దూరంలో, బోర్డు మట్టానికి అరమీటరు పైన పెడితే సుమారు 18 డిగ్రీల కోణంలో వెలుగు పక్కనుంచి పాకుతుంది. ఇలా పాకే వెలుగులోనే ప్రతి రేణువుకూ నీడ పడి, దగ్గరికెళ్లి చూసినవారికి ఇది చాయ్‌పత్తి అని తెలుస్తుంది. అయితే ఇంత దగ్గర లైటుకు దగ్గరి అంచు మీద పడే వెలుగు దూరపు అంచు కంటే రెట్టింపు దాటుతుంది. గది ఉంటే లైటును మూడు మీటర్లకు జరిపి, మీటరు ఎత్తుకు లేపండి. కోణం అదే ఉంటుంది, తేడా రెట్టింపు లోపుకు తగ్గుతుంది. ఎదుటి అంచున తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే అదీ సర్దుకుంటుంది.

లైటు ఎప్పుడూ బొమ్మ తలవైపునే ఉండాలి, మూల ఫొటోలో వెలుగు ఎటు పక్క ఉందో అటు కాస్త జరిపి. గడ్డం వైపు పెడితే విచిత్రం జరుగుతుంది. వెలుగు పైనుంచి వస్తుందని మన కళ్లకు పుట్టినప్పటి నుంచీ అలవాటు కాబట్టి, కిందినుంచి వచ్చిన నీడలను మెదడు తిరగేసి చదువుతుంది. పోసిన పొడి గుంటలా, ఖాళీ చోటు గుట్టలా కనిపిస్తుంది.

సరుకు

డస్ట్ రకం చాయ్‌పత్తి పావు కిలో, కాస్త పెద్ద గుళికలున్న సీటీసీ రకం వంద గ్రాములు, ఉస్మానియా బిస్కెట్లు ఎనిమిది. నిజానికి బొమ్మలో నిలిచేది నలభై యాభై గ్రాముల పత్తి మాత్రమే, మిగతాది జల్లెడలో, బ్రష్‌లో, నేల మీద పోతుంది. హోటల్లో వాడి పారేసిన పత్తి తెస్తే కథ ఇంకా బాగుంటుంది గానీ ఎండలో కరకరలాడేదాకా ఆరబెట్టాలి. తడి ఉంటే బోర్డు మీద గోధుమరంగు మరక దిగుతుంది, మర్నాటికి బూజు పడుతుంది.

బిస్కెట్లను చపాతీ కర్రతో నలిపి, చాయ్ జాలితో జల్లిస్తే మెత్తటి పొడి ఒకటి, బరక ఒకటి వస్తాయి. అయిదు ఛాయలు ఇలా కుదురుతాయి: ఖాళీ బోర్డు తెలుపు, మెత్తటి బిస్కెట్ పొడి లేత ఛాయ, బరక మధ్య ఛాయ, పలచగా చల్లిన డస్ట్ పత్తి ముదురు, మందంగా పోసిన పత్తి మీద సీటీసీ గుళికలు నలుపు. మొదలుపెట్టే ముందు బోర్డు మూలలో ఒక్కోదాన్ని మూడు సెంటీమీటర్ల గడిగా చల్లి, ఫొటో తీసి, నలుపు తెలుపులో చూడండి. కంటికి వేరుగా కనిపించిన రెండు రంగులు అక్కడ ఒకటైపోవచ్చు. రంగుల్లో పని చేసేవారికి ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. కారం పొడి కంటికి మండుతున్నట్టున్నా ఛాయలో ముదురే, పసుపు ఎంత చిక్కగా ఉన్నా ఛాయలో లేతే.

ఉస్మానియా బిస్కెట్‌లో నెయ్యో వనస్పతో ఉంటుంది. మామూలు చార్టు మీద చల్లితే కాసేపటికే చుట్టూ నూనె మరక పాకి, ప్రతి ముక్క చుట్టూ ఒక వలయం తేలుతుంది. సన్‌బోర్డు ప్లాస్టిక్ కాబట్టి నూనె పీల్చదు. దానికి ఇంకో జబ్బుంది: స్థిర విద్యుత్తు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, డస్ట్ పత్తి ఎగిరి వెళ్లి అక్కర్లేని చోట అతుక్కుంటుంది, బ్రష్‌తో తోసినా రాదు. మొదలుపెట్టేముందు తడి పిండేసిన గుడ్డతో ఒకసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

చల్లడం

సీలింగ్ ఫ్యాన్, కూలర్ ఆపేయండి. ఎండాకాలంలో ఇది శిక్షే, అందుకే ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి. చొక్కా చేతులు మోచేతి పైకి మడవండి, గాజులు, వాచీ తీసేయండి. బోర్డుకు అటూ ఇటూ రెండేసి ఇటుకలు పెట్టి వాటి మీద ఒక చెక్క వేసుకుంటే మోచేయి ఆనించుకోవచ్చు. చల్లడం మీకు దూరంగా ఉన్న వైపు నుంచి మొదలై దగ్గరికి రావాలి. పూర్తయిన చోటు మీదుగా చేయి చాపారంటే ఏదో ఒకటి రాలుతుంది.

రెండో ప్రింటులో ఒక్కో ఛాయ భాగాన్ని పేపర్ కట్టర్‌తో కోసి తీసేస్తే అదే ముసుగు. ముందు లేత ఛాయ ముసుగు, ఆఖర్న నలుపు. ముసుగును బోర్డుకు ఆనించి చల్లితే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది, నాలుగు మూలల కింద రెండేసి రూపాయి బిళ్లలు పెట్టి లేపి చల్లితే అంచు పొగలా కరిగిపోతుంది. మీసం, కళ్లద్దాల ఫ్రేము, చొక్కా కాలర్ ఆనించి చేయండి. చెంప, నుదురు, మెడ నీడలు లేపి చేయండి. ఈ ఒక్క తేడా తెలియకే చాలా బొమ్మలు ఎన్నికల గోడరాతల్లా బిరుసుగా వస్తాయి.

చాయ్ జాలిలో అరచెంచా పత్తి వేసి, జాలి అంచును చూపుడువేలితో తట్టండి, ఊపకండి. ఊపితే ఒకేచోట గుప్పెడు పడుతుంది. జాలి 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పలచటి పొర, అయిదు సెంటీమీటర్లలో ఉంటే చిక్కటి మచ్చ. ఒకేసారి ముదురు తేవాలని చూడకుండా మూడు నాలుగు పొరలుగా వెళ్లండి. ఎక్కువైనదాన్ని తీయడం కంటే తక్కువైనదానికి కలపడం పది రెట్లు సులభం. ముసుగు తీసేటప్పుడు ఇద్దరు చెరో వైపు పట్టుకుని నిట్టనిలువుగా లేపండి. ఒక్క మిల్లీమీటరు పక్కకు జారినా చెంప మీద తోక గీత పడుతుంది.

జుట్టు, కనుబొమలు, మీసం వెంట్రుకలు చేత్తోనే. మెహందీ కోన్ లాంటి కాగితపు పొట్లం చుట్టి, కొన రెండు మిల్లీమీటర్లు కత్తిరించి, పత్తి జారవిడుస్తూ ముగ్గు వేసినట్టే వెళ్లండి. సర్దడానికి సున్నా నంబరు, నాలుగో నంబరు పొడి బ్రష్‌లు సరిపోతాయి. కళ్లు ఆఖర్న. నల్లగుడ్డు మందంగా పోసి, మెరుపు చుక్క చోట పత్తిని తీసేయాలి. తడి ఇయర్‌బడ్ వాడితే పత్తి రంగు దిగి గోధుమ మచ్చ మిగులుతుంది. మాస్కింగ్ టేపును అంటు బయటికి వచ్చేలా సూదిగా చుట్టి, ఒక్కసారి అద్ది లేపండి, తెల్లటి చుక్క శుభ్రంగా తెరుచుకుంటుంది. రెండు కళ్లలోనూ మెరుపు ఒకే వైపు ఉండాలి, లేకపోతే మనిషికి మెల్లకన్ను వస్తుంది.

మధ్యమధ్య ఒక ఫొటో తీసి, ఫోన్లో తపాలా బిళ్లంత చేసి చూడండి. ఆ సైజులో మనిషి పోల్చుకునేలా ఉంటే పని సరైన దారిలో ఉన్నట్టు. ముఖం మాసినట్టు కనిపిస్తే కారణం సాధారణంగా ఒకటే, తెల్లగా ఉండాల్సిన చోట రేణువులు చెదిరాయి. నుదుటి మెరుపు, ముక్కు దూలం, కింది పెదవి మెరుపు, ఈ మూడు చోట్లా బోర్డును బ్రష్‌తో శుభ్రం చేయండి, ముఖం వెంటనే తేరుకుంటుంది. ముఖం చుట్టూ చెదిరిన పత్తిని మాత్రం పూర్తిగా ఊడ్చేయకండి. అది ఉంటేనే ఇది చేత్తో చల్లినదని ఫొటోలో తెలుస్తుంది, లేకపోతే కంప్యూటర్ ఫిల్టర్ అనుకుంటారు.

తిండి సరుకుతో రాత్రి వదిలేస్తే చీమలు వస్తాయి. బోర్డు చుట్టూ అడుగు దూరంలో చీమల మందు సుద్దతో గీత గీయండి. బల్ల మీద చేస్తుంటే కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టే పాత పద్ధతే మేలు. మందు తగిలిన సరుకు మళ్లీ ఎవరూ తినకూడదు.

ఫొటో, ప్రింటు

అంతా అయ్యాక గదిలో ఎవరూ నడవకుండా మూడు ఎక్స్‌పోజర్లు తీయండి: సరైనది, ఒక స్టాపు తక్కువ, ఒక స్టాపు ఎక్కువ. వెంటనే ల్యాప్‌టాప్‌లో నూరు శాతం జూమ్ చేసి నడుమ, నాలుగు మూలలు చూడండి. ఒక మూల మసకగా ఉంటే కెమెరా వంగింది, అద్దం పరీక్ష మళ్లీ చేయలేరు కాబట్టి ఎఫ్ 11కి వెళ్లి ప్రయత్నించండి. ఎఫ్ 16 దాటితే మొత్తం మెత్తబడుతుంది. ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల కాపీ అయ్యేదాకా చీపురు ముట్టుకోవద్దు.

24 మెగాపిక్సెల్ ఫైలు 6000 బై 4000 పిక్సెళ్లు. 68 సెంటీమీటర్ల ఫ్రేముకు మిల్లీమీటరుకు దాదాపు తొమ్మిది పిక్సెళ్లు పడతాయి, అరమిల్లీమీటరు రేణువుకు నాలుగు. దీన్ని 36 అంగుళాల పొడవుకు ప్రింటు చేస్తే అంగుళానికి 167 పిక్సెళ్లు, గోడ మీది బొమ్మకు సరిపోతుంది, రేణువు కూడా అసలు కంటే కాస్త పెద్దగా కనిపిస్తుంది. అసలు కంటే చిన్నగా మాత్రం ప్రింటు చేయించకండి. దూరం నుంచి మనిషి, దగ్గరికొస్తే పత్తి అన్న రెండంచెల చూపులో రెండోది అప్పుడు పోతుంది. గ్లాసీ కాగితం వద్దు, మ్యాట్ తీసుకోండి.

నేల శుభ్రం చేసేటప్పుడు ముందు పొడి చీపురు, తర్వాతే తడిగుడ్డ. ముందే తడి చేస్తే టైల్స్ సందుల్లో చాయ్ రంగు దిగి కూర్చుంటుంది.

వేరే సరుకులతో

పంచదారకు నేల నల్లగా ఉండాలి. స్టేషనరీ షాపులో దొరికే 22 బై 28 అంగుళాల నల్ల చార్టు పాకే వెలుగులో బూడిద రంగులోకి తేలిపోతుంది, నల్ల వెల్వెట్ పేపర్ వాడండి. పంచదార గుళిక వెలుగును లోపలికి పోనిస్తుంది కాబట్టి నల్లనేల మీద బూడిద ఛాయ ఇస్తుంది, మిక్సీలో పొడి చేస్తే వెలుగును చెదరగొట్టి తెల్లగా వెలుగుతుంది. ఒక్క సరుకులోనే రెండు ఛాయలు. ఇక్కడ వరస తిరగబడుతుంది, మెరుపులు ఆఖర్న. జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమకు పొడి గడ్డకడుతుంది, అప్పుడు ముగ్గుపిండి నయం.

చాక్లెట్ సిరప్‌ను తెల్ల అక్రిలిక్ షీటు మీద నొక్కే సీసాతో గీస్తారు. తడిగా ఉన్నప్పుడే మెరుపుంటుంది, పైపొర కట్టిందంటే పోయింది, గంటలోపే ఫొటోతో సహా ముగించాలి. హైదరాబాద్ మే నెల వేడిలో సిరప్ పలచబడి గీతలు పాకుతాయి, ముందు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. దీనికి పాకే వెలుగు పనికిరాదు, మెరుపులు ఎక్కడపడితే అక్కడ పేలతాయి. లైటు ముందు తెల్లటి పలచటి గుడ్డ పెద్దగా కట్టండి.

పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లండి. బంతి రేకులు నాలుగు గంటల్లో అంచులు ముడుచుకుంటాయి, కాబట్టి ముసుగులు, కెమెరా, వెలుగు అన్నీ ముందు రోజే సిద్ధంగా ఉండాలి. బతుకమ్మ రోజుల్లో దొరికే గునుగు ఇంకా నిలుస్తుంది. నీళ్లు చిలకరిస్తే తాజాగా ఉంటాయి గానీ ప్రతి బొట్టూ ఫొటోలో తెల్ల చుక్కవుతుంది.

పప్పు దినుసులు ఎక్కువ మోతాదులో కావాలంటే బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ వైపు చూడండి.  ఇంట్లో పెద్దవాళ్లు అన్నంతో ఆటలేంటని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. పురుగు పట్టిన పాత సరుకు తీసుకోండి, మందులూ రంగులూ కలపకుండా చేస్తే తర్వాత పావురాలకు కాకపోయినా డాబా మీద పిచ్చుకలకైనా వేయొచ్చు.

లాడ్‌బజార్ విరిగిన గాజులు, సీసా మూతలు, పాత చెప్పుల్లాంటి పెద్ద వస్తువులకు డాబా కావాలి, కెమెరా పక్క బిల్డింగు పై అంతస్తు నుంచి చూడాలి. అక్కడినుంచి చూపు ఏటవాలుగా పడుతుంది కాబట్టి నేల మీద బొమ్మను పొడవుగా సాగదీసి పేర్చాలి, నుదురు మామూలు కంటే చాలా దూరం పోతుంది. ఎంత సాగాలన్న లెక్క వేయక్కర్లేదు. మూల ఫొటోను ల్యాప్‌టాప్‌లో కావలసిన సైజుకు తెచ్చి, దాని గీతలను ఓహెచ్‌పీ షీటు మీదికి దించి లైవ్ వ్యూ తెరకు అతికించండి. పైన ఒకరు తెర చూస్తూ ఫోన్లో చెబుతుంటే కింద ఇద్దరు వస్తువులు జరుపుతారు. అద్దాలు పొదిగిన లక్క గాజులు ఎండలో కెమెరా వైపు తిరిగితే మెరుపు పేలి చుట్టుపక్కల వివరం మింగేస్తుంది, వాటిని ఒక్కొక్కటిగా తిప్పి పెట్టాలి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు కేంద్ర విమానయాన శాఖ డిజిటల్ స్కై వెబ్‌సైట్ పటంలో మీ డాబా ఏ జోన్‌లో ఉందో చూడండి, ఎర్ర జోన్ అయితే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయడం కుదరదు.